పదిని ముట్టొద్దు

అబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లో మొదటి అంతస్తులో ఒక రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. రిసెప్షన్ వెనక ఇరుకు గది, ఆ గదిలో ఒక పాత సర్వర్. దాని నుదుటిమీద పదకొండేళ్ళపాటు ఒక చీటీ అంటుకుని ఉండేది. ‘పదిని ముట్టొద్దు’ అని నీలి ఇంకుతో పెద్ద పెద్ద అక్షరాలు. ఎందుకు ముట్టొద్దో అందులో లేదు, ముడితే ఏం కొంప మునుగుతుందో అదీ లేదు. రాసినవాడు అక్కడి కంప్యూటర్లన్నీ చూసుకునే దేవప్రసాద్. ఎందుకయ్యా అని ఎవరైనా అడిగితే ‘ఎందుకైనా మంచిది’ అనేవాడు.

ఎందుకైనా మంచిది అనేది చాలా సుఖమైన మాట. అది అనేశాక ఎదుటివాడు ఇంకేమీ అడగడు, మనల్ని మనమూ అడుక్కోనక్కర్లేదు. దేవప్రసాద్ పదకొండేళ్ళు ఆ సుఖం అనుభవించాడు.

అలాగని మనిషి చెడ్డవాడేం కాదు. యాభై ఆరేళ్ళవాడు. మెదక్ నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబం. చర్చిలో సంఘపెద్ద, వాక్యం చదవడానికి నిలబడితే గొంతు ఖంగుమంటుంది. కంప్యూటర్ల పని అతనికి ఎవరూ నేర్పలేదు. ఆరాధన అయ్యాక ఆదివారంపూట అబిడ్స్ ఫుట్‌పాత్‌మీద పాత గైడ్లు బేరమాడి తెచ్చుకుని, పక్కన యంత్రాన్ని పెట్టుకుని, ఒక్కో పేజీ గుంజి గుంజి నేర్చుకున్నాడు. అలా నేర్చుకున్నవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. వచ్చింది వచ్చినట్టు బ్రహ్మాండంగా చేస్తారు గానీ, తెలియదు అన్న మాట మాత్రం నోట రాదు.

ఇంతకీ పది అంటే ఏమిటో చెప్పాలి. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ఒక్కోదానికి ఒక నంబరు ఉండాలి. దాన్నే చిరునామా అంటారు. ఈ సర్వర్‌కు ఉన్నది ఒకే నెట్‌వర్క్ కార్డు, దానికి ఒకే తీగ. చెయ్యాల్సిన పనులు మాత్రం ఐదు. పాత కట్టడం, రాతి గోడలు, కొత్త తీగకని ఒక చిల్లు పెట్టినా కట్టడం ఓనరు కయ్యానికి వస్తాడు. అందుకని కొత్త పని వచ్చినప్పుడల్లా దేవప్రసాద్ అదే కార్డుమీద ఇంకో చిరునామా ఎక్కించుకుంటూ పోయాడు. చివరి అంకెలే వాటికి పేర్లయ్యాయి. అన్నిటికన్నా ముందు ఎక్కింది పది, అది టోకెన్ నంబర్లు ఎర్రగా వెలిగే బోర్డుది. పదకొండు రక్తపరీక్ష యంత్రాలది, పన్నెండు ఎక్స్‌రేది, పదమూడు రిపోర్టుల కౌంటరుది, పద్నాలుగు బయటి డాక్టర్లు రిపోర్టులు చూసుకునేది.

టోకెన్ బోర్డు రెండేళ్ళ కింద పోయింది. ఇప్పుడు పేషెంట్ల ఫోన్లకే మెసేజ్ వెళ్తుంది. పది మాత్రం పనీపాటా లేకుండా జాబితాలో మొదటి స్థానంలో అలాగే కూర్చుంది.

మొన్న దసరాకు ముందు ల్యాబ్‌కు రంగులు వేయించారు. వేయించింది యజమాని ప్రహ్లాద్ కొడుకు అఖిలేష్. చదువు ముగించుకుని వచ్చి తండ్రి కుర్చీ పక్కన కుర్చీ వేసుకున్న కొత్త మోజు, ప్రతిదీ తళతళలాడాలి. గోడలతోపాటు సర్వర్ మొహం కూడా శుభ్రంగా ఉండాలన్నాడు. పెయింటరు చీటీని గీకి పారేశాడు. దేవప్రసాద్ చూశాడు. మళ్ళీ రాసి అంటిద్దామనుకున్నాడు. అఖిలేష్ ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తోచక ఊరుకున్నాడు.

ఏటా క్రిస్మస్ వారం దేవప్రసాద్ సెలవు పెడతాడు. పాటల బృందంతో ఇల్లిల్లూ తిరగాలి, చర్చిలో స్టేజీ కట్టించాలి, ఆ హడావుడి అతను లేకపోతే ఒక్క అడుగు ముందుకు పడదని అతని నమ్మకం. ఆ వారం సోమవారం పొద్దున్నే అఖిలేష్ పనికిరానివన్నీ ఒక కాగితంమీద రాసి, దసరా తర్వాత ఉద్యోగంలో చేరిన మృదుల చేతికిచ్చాడు. సర్వర్‌లో వాడకంలో లేనివన్నీ తీసెయ్యమన్నాడు.

మృదులకు ఇరవై నాలుగేళ్ళు. సుల్తాన్‌బజార్‌లో ఉండే లెక్కల మాస్టారి కూతురు. చెప్పిన పని రెండోసారి చెప్పించుకోని పిల్ల. కాగితంలో మొదటి వరుస పది. పొద్దున ఏడున్నరకు తన టేబుల్ దగ్గర కూర్చుని, పదిని తీసెయ్యమని సర్వర్‌కు ఒక్క ఆదేశం కొట్టి ఎంటర్ నొక్కింది. తెర బిగుసుకుపోయింది. ఒక్క క్షణానికి బయట కౌంటరు దగ్గర గోల మొదలైంది.

రక్తపరీక్ష యంత్రాలు ఫలితం ఎక్కడికి పంపాలో తెలియక నిలిచిపోయాయి. ఎక్స్‌రేలు తెర మీదికి రాలేదు. రిపోర్టుల కౌంటరు మూగబోయింది. షుగర్ పరీక్షకని పరగడుపున వచ్చినవాళ్ళు నలభైమంది మెట్లమీదిదాకా నిలబడి ఉన్నారు. తీగలు పీకి పెట్టారు, స్విచ్చులు మార్చారు, ఇంటర్నెట్ కంపెనీవాళ్ళను పిలిస్తే మా వైపు అంతా సవ్యంగా ఉందని చేతులు దులుపుకున్నారు. ఈలోగా క్యూలో ఒక పెద్దావిడ కళ్ళు తిరిగి కూలబడింది. పక్క వీధి నర్సింగ్ హోమ్ డాక్టరు ఫోన్‌లో ప్రహ్లాద్‌ను చెడామడా తిట్టాడు. పదిన్నరకు అఖిలేష్ విసిగిపోయి సర్వర్ ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాడు. పది నిమిషాల్లో అన్నీ వాటంతటవే లేచి కూర్చున్నాయి, పదితో సహా. యంత్రం మొదలయ్యేటప్పుడు చదువుకునే ఫైలులో ఐదు చిరునామాలూ రాసి ఉంటాయి కదా, అది చదువుకుని ఐదూ ఎక్కించుకుంది.

ప్లగ్గు పీకడంతో ఇంకొకటి కూడా జరిగింది. మృదుల ఏ ఆదేశం కొట్టిందో ఆ నమోదు కాస్తా యంత్రంలోకి ఎక్కకుండానే పోయింది. ఆ పిల్ల దగ్గర మిగిలింది తన మాట ఒక్కటే.

ఆ మాట అఖిలేష్ నమ్మలేదు. ఐదూ పోయాయి కాబట్టి ఐదూ తీసి ఉండాలి, ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేందుకు ఏముంది అన్నాడు. పొరపాటున చేస్తే చేశావు, అబద్ధం ఎందుకు అన్నాడు. ‘నా అజాగ్రత్తవల్ల ఐదు చిరునామాలు తొలగించాను’ అని ఒక కాగితం టైపు చేయించి సంతకం పెట్టమన్నాడు. పెడితే మంచి సర్టిఫికెట్ ఇచ్చి మర్యాదగా పంపిస్తాడట, పెట్టకపోతే సర్టిఫికెట్ లేకుండా పంపిస్తాడట. మృదుల ససేమిరా అంది. ఒక్కటి అని రాయిస్తే ఇప్పుడే పెడతానంది. ప్రహ్లాద్ డెబ్బై ఏళ్ళ మనిషి, ఎటూ తేల్చలేక, “దేవప్రసాద్‌ను రానియ్యున్రి. ఆయన ఏమంటే గదే ఫైనల్,” అన్నాడు.

క్రిస్మస్ మరునాడు, శుక్రవారం, దేవప్రసాద్ నాంపల్లిలో మెట్రో దిగి, కేకు డబ్బా చంకలో పెట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. అందరికీ తలా ముక్క పెట్టాడు. మృదుల ముక్క టేబుల్‌మీదే ఉండిపోయింది.

“ఏంది బిడ్డా, కేకు ముట్టలేదు?”

“ముందు నేను చెప్పేది ఇనండ్రి సార్. ఇని నమ్మితే తింట.”

చెప్పింది. ఏడవలేదు. చివర్న ఇలా అంది: “నేను ఒక్కటే తీసిన సార్. ఒక్కటి తీస్తే మిగిలిన నాలుగు ఎట్ల పోతయ్?”

 ఆ మాట దేవప్రసాద్ ఎక్కడో విన్నాడు, అచ్చం అలాగే విన్నాడు. ఎక్కడో గుర్తు రాలేదు. గుర్తొచ్చింది మాత్రం మాట కాదు, ఒక మనిషి. నిచ్చెనమీద ఉన్న మనిషి.

పదకొండేళ్ళ కిందట ఆ గల్లీ మొత్తానికీ వైరింగ్ పనిచేసేవాడు గట్టయ్య. నాంపల్లి స్టేషన్ వెనక బస్తీలో ఉండేవాడు. ఏ దుకాణంలో బల్బు పోయినా గట్టయ్యే, ఫ్యాను ఆగినా గట్టయ్యే. ఒకరోజు పొద్దున ల్యాబ్ వరండాలో ఒక లైటు పెట్టడానికి నిచ్చెన వేశాడు. అదే సమయానికి దేవప్రసాద్ లోపల కూర్చుని, టోకెన్ బోర్డు నంబరు మారుద్దామని పదిని తీశాడు. తెర బిగుసుకుంది, ల్యాబ్ ఆగిపోయింది. బయటికి పరిగెత్తుకొచ్చి చూస్తే నెట్‌వర్క్ తీగల కట్ట కింద నిచ్చెనమీద గట్టయ్య. ‘ఏం కోసినవ్?’ అని దేవప్రసాద్ ఒక్క కేక పెట్టాడు. ప్రహ్లాద్ వచ్చాడు, కింద కోట్లు కుట్టే టైలర్ వామన్‌రావు వచ్చాడు, క్యూలోవాళ్ళంతా చుట్టూ మూగారు. గట్టయ్య ఏదో చెప్పబోయాడు గానీ అది గోడకు చెప్పుకున్నట్టే అయింది. దేవప్రసాద్ తీగ మార్చాడు. మార్చాక సర్వర్‌ను కూడా ఒకసారి ఆపి మొదలుపెట్టాడు. అన్నీ లేచాయి. అంటే తీగే అన్నమాట. తీసేసిన పాత తీగ నిజంగా తెగిందా లేదా అని ఎవరూ చూడలేదు, దాన్ని చెత్తలో పారేశారు.

ప్రహ్లాద్ ఇంక రావద్దన్నాడు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ దేవప్రసాద్ జరిగింది చెప్పాడు. నెల తిరిగేసరికి చిరాగ్ అలీ లేన్‌లో గట్టయ్యకు బల్బు మార్చే పని కూడా లేకుండా పోయింది. సర్వర్ నుదుటిమీద చీటీ వెలసింది ఆ నెలలోనే.

శుక్రవారం మధ్యాహ్నం దేవప్రసాద్ అన్నం డబ్బా విప్పలేదు. స్టోరు రూములో ఆ సర్వర్‌తోపాటే కొన్న జోడీ యంత్రం ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది. మృదులను పిలిచి ఇద్దరూ కలిసి దాన్ని బల్లమీద పెట్టారు. లోపల అదే పాత సిస్టమ్. దానికి ఏ తీగా తగిలించలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. కంప్యూటర్ లోపల కెర్నెల్ అని ఒకటుంటుంది. యంత్రానికీ దానిమీద నడిచే పనులకూ మధ్య పెత్తనమంతా దానిదే. ఏ కార్డుకు ఏయే చిరునామాలున్నాయో జాబితా దాని దగ్గరే ఉంటుంది. జాబితాలో ఉన్న చిరునామాకు వచ్చినదాన్ని పుచ్చుకుంటుంది, లేనిదాని మొహం కూడా చూడదు. చేర్చమంటే చేరుస్తుంది, తీసెయ్యమంటే తీసేస్తుంది. దానికి ఎవరిమీదా కోపం లేదు, ఎవరిమీదా జాలి లేదు.

మృదుల ఐదు చిరునామాలూ వరసగా చేర్చింది. జాబితా చూపించమంది. ఐదూ వచ్చాయి. పది పక్కన ఏమీ లేదు, మిగతా నాలుగింటి పక్కనా ‘సెకండరీ’ అని ఉంది. సర్వర్ కొన్నప్పటినుంచి, పద్నాలుగేళ్ళుగా దేవప్రసాద్ చూస్తున్న మాటే అది. రెండోది కాబట్టి రెండోది అంటోంది అనుకుని వదిలేశాడు.

“ఇగ పదిని తియ్యి బిడ్డా.”

తీసింది. మళ్ళీ జాబితా అడిగింది. కార్డు పేరు ఉంది. దాని కింద ఒక్క చిరునామా లేదు.

 మృదుల గబగబా మళ్ళీ ఐదూ చేర్చి, ఈసారి పన్నెండును తీసింది. పన్నెండొక్కటే పోయింది. మళ్ళీ పదిని తీసింది. అన్నీ పోయాయి. ఆ పిల్ల తన ఫోన్‌లో వెతికి, యంత్రంలో వెతికి, అరగంటలో సంగతి లాగింది. ఒకే వరస నంబర్లు ఒకే కార్డుమీద ఎక్కితే, ముందు ఎక్కిందాన్ని కెర్నెల్ పెద్దగా రాసుకుంటుంది. వెనక వచ్చినవన్నీ ఆ పెద్ద కింద లెక్క. పెద్దను తీసేస్తే కింద ఉన్నవాటినీ చెప్పా పెట్టకుండా కొట్టేస్తుంది. అలా కాకుండా వెనకున్నదాన్ని పెద్దను చేసుకొమ్మని చెప్పడానికి ఒక సెట్టింగు ఉంది. కొత్త సిస్టమ్‌లలో అది ముందే పెట్టి వస్తుంది. ఈ పాతదాంట్లో సున్నా ఉంది.

“నేను నేర్చుకున్నవన్ని కొత్తయి సార్! అండ్ల ఒక్కటి తీస్తే ఒక్కటే పోతది. గందుకే నాకు తెల్వలే!” ఆ పిల్ల మొహం వెలిగిపోయింది, కళ్ళనిండా నీళ్ళు. “చూసిన్రు గద? నేను ఒక్కటే తీసిన!”

“ఔ బిడ్డా. ఒక్కటే తీసినవ్.” దేవప్రసాద్ స్టూలుమీద కూర్చున్నాడు. “మరి గీ యంత్రానికి వైరే లేదు గద. గయినా పోయినయ్.”

“వైరుతోని ఏం సంబంధం సార్? వైరు ఉన్నా లేకున్నా గంతే.”

ఆ మాట అని ఆ పిల్ల కేకుముక్క కోసం తన టేబుల్ దగ్గరికి పరిగెత్తింది. దేవప్రసాద్ ఆ స్టూలుమీదే చాలాసేపు ఉన్నాడు. తల తీసేసినట్టుంది. మృదులను కాపాడటం ఇప్పుడు చిటికెలో పని. యంత్రం పాతది, దాని తీరు అది అని చెబితే సరిపోతుంది. గట్టయ్య పేరు ఎత్తనే అక్కర్లేదు. ఆ పేరు ల్యాబ్‌లో ఎవరికి గుర్తుంది కనుక? ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది, అయినా అది వెళ్ళిపోలేదు. రాత్రి నిద్రలోనూ పక్కనే పడుకుంది.

శనివారం పొద్దున జోడీ యంత్రాన్ని ప్రహ్లాద్ గదిలోకి మోసుకెళ్ళి ఆ తతంగమంతా తండ్రీకొడుకుల ముందు మృదుల చేతే మళ్ళీ చేయించాడు. అఖిలేష్ తెరమీదికి వంగి చూశాడు. ప్రహ్లాద్‌కు మాత్రం అంతా అయోమయంగా ఉంది.

“జర నాకు సమజయ్యేటట్టు చెప్పు దేవప్రసాద్.”

“ఈ బిల్డింగు కిరాయి ఎవరి పేరుమీద ఉంది సార్?”

“మా నాయిన పేరుమీద. నీకు తెల్వదా?”

“కింద వామన్‌రావు, జిరాక్స్ దుకాణం, మనం, అందరం ఆ పేరు కిందనే ఉన్నం. రేపు ఓనరు మీ నాయిన పేరు కొట్టేసిండనుకోన్రి.”

“అరె భయ్, గంతేనా!” ప్రహ్లాద్ కుర్చీలో ముందుకు జరిగాడు. ఆ పేరు గురించే ఆయన తొమ్మిదేళ్ళుగా నాంపల్లి కోర్టు మెట్లు ఎక్కి దిగుతున్నాడు. “ఒక్క పేరు తీస్తే అందరం సామాన్లతోని రోడ్డుమీద. ఎవ్వరిని విడివిడిగ పొమ్మనక్కర్లే. పాపం ఈ పిల్లను ఊరికే పరేషాన్ చేస్తిమి గదరా.” సంతకం కోసం టైపు చేయించిన కాగితాన్ని డ్రాయరులోంచి తీసి నాలుగు ముక్కలు చేశాడు.

అఖిలేష్ మొహం ఎర్రబడింది. మృదులకు సారీ చెప్పాడు, అదీ బాగానే చెప్పాడు. అంతటితో అయిపోయేదే. కానీ ఆ కుర్రవాడు తెలివితక్కువవాడు కాదు.

“మీకు గీ సంగతి ముందే తెల్సా అంకుల్?”

“తెల్వదు. నిన్ననే తెలిసింది.”

“మరి తెల్వకుంటే ఆ చీటీ ఎందుకు రాసిన్రు?”

 దేవప్రసాద్ ఎందుకైనా మంచిదని అనబోయాడు. ఆ మాట నాలుకదాకా వచ్చింది. ఎదురుగా మృదుల నిలబడి ఉంది. నాలుగు రోజులు తన మాట ఎవరూ నమ్మకపోతే ఎలా ఉంటుందో ఆ మొహంలో ఇంకా ఆరలేదు.

“గట్టయ్యను పంపినంక రాసిన,” అన్నాడు దేవప్రసాద్. “ఆ రోజు నేను పదిని తీసిన. తీసిన నిమిషానికే అన్ని పోయినయ్. వైరు కోసిండని నేనే అన్న. అన్న గని, లోపల ఎక్కడనో అనుమానం ఉండె. పది జోలికి పోతే మళ్ళ గట్లయితదేమోనని భయం. గందుకే చీటీ. అనుమానాన్ని చీటీమీద రాసి అంటిచ్చిన, నోటితోని మాత్రం చెప్పలే.”

ప్రహ్లాద్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. “గట్టయ్య ఇప్పుడు యాడ ఉన్నడు?”

“నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌ల స్టాళ్ళకు లైట్లు కడ్తడు. ఏటా డిసెంబర్ల కనిపిస్తడు. నమస్తే సార్ అంటడు.”

“నువ్వేమంటవ్?”

“తలూపి పోత.”

“రావద్దన్నది నేనే,” అన్నాడు ప్రహ్లాద్. “గని నీ మాటమీద అన్న దేవప్రసాద్.”

ఆ మధ్యాహ్నం మృదుల సర్వర్‌లో సెట్టింగు మార్చి, మూడుసార్లు సరిచూసుకుని, పదిని తీసేసింది. పదకొండు పెద్దయింది. బయట ఎవరికీ తెలియనే లేదు, రిపోర్టులు వస్తూనే ఉన్నాయి. సర్వర్ నుదుటిమీద కొత్త చీటీ అంటించింది. ఏ సెట్టింగు మార్చిందో, ఎందుకు మార్చిందో, మార్చకపోతే ఏమవుతుందో తేదీతో సహా ఆరు వరసలు రాసింది. అఖిలేష్ చదివి, ఉండనీ అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక దేవప్రసాద్ ఇంటికి వెళ్ళకుండా నాంపల్లి బయల్దేరాడు. భార్య డోరా సంగతంతా విని, “ఇంట్ల కేకు ఉన్నది, తీస్కపోరాదు?” అంది. కేకుతో అయ్యే పని కాదన్నాడు. అవమానం తనదైనట్టు తలవంచుకుని చెప్పాడు గానీ, అవమానపడ్డవాడు వేరేవాడని ఆ మాట చెబుతున్నప్పుడే తట్టింది.

ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఇంకా నాలుగు రోజుల్లో తెరిచే స్టాళ్ళకు రేకులు కొడుతున్నారు. ఎటు చూసినా సుత్తి చప్పుళ్ళు, కర్రల గుట్టలు. గట్టయ్య ఒక దుప్పట్ల స్టాలు ముందు నిచ్చెనమీద ఉన్నాడు. జుట్టు ముగ్గుబుట్టైంది.

“నమస్తే సార్,” అన్నాడు పైనుంచి, ఎప్పటిలాగే.

దేవప్రసాద్ ఈసారి తలూపి పోలేదు. నిచ్చెన కింద నిలబడి మొదలుపెట్టాడు. పది, పదకొండు, కెర్నెల్, సెట్టింగు అన్నీ చెప్పాడు. సంఘం ముందు ఖంగుమనే గొంతు ఇక్కడ సుత్తి చప్పుళ్ళకే ఆగడం లేదు. గట్టయ్య తీగ మెలిపెడుతూనే విన్నాడు.

“ఆ రోజు తప్పు నాది గట్టయ్యా. నీది గాదు.”

“తెల్సు సార్.”

“నీకెట్ల తెల్సు?”

“నేను వైరు ముట్టనే లేకుంటి. కటింగ్ ప్లేయరు జేబులకెల్లి తియ్యనే లేకుంటి. నేను గాకుంటే మరి మీరే గద.”

“గట్లని చెప్పకపోయినవా!”

“చెప్పిన. మూడు సార్లు చెప్పిన.” గట్టయ్య గొంతులో కోపం లేదు, ఎన్నడో ఉతికి ఆరేసిన బట్టలా ఉంది ఆ గొంతు. “మీరేమన్నరు? ‘నేను ఒక్కటే తీసిన. ఒక్కటి తీస్తే మిగిలినయన్ని ఎట్ల పోతయ్?’ అన్నరు. అందరు, ఔ నిజమే గద అన్నరు. సార్ మాట గద.”

మృదుల మాట తను ఎక్కడ విన్నాడో దేవప్రసాద్‌కు అప్పుడు తెలిసింది. విన్నది తన నోటినుంచే. ఆ పిల్ల అన్నదీ నిజమే, తను అన్నదీ నిజమే. తన నిజాన్ని పట్టుకునే ఈ మనిషిని గల్లీలోంచి గెంటేశారు. 

“ప్రహ్లాద్ సార్ నిన్ను రమ్మన్నరు. ల్యాబ్ పనంత మళ్ళ నువ్వే చెయ్యాల్నట.”

“నాకు పని ఉన్నది సార్. ఫిబ్రవరి దాక ఊపిరి ఆడదు.” గట్టయ్య బల్బు బిగించి చూసుకున్నాడు. “మీకు నిజంగ చెయ్యాలనుంటే ఒక్కటి చెయ్యున్రి. గట్టయ్య వైరు కోసిండని ఆ గల్లీల దుకాణం దుకాణం చెప్పిన్రు గద. గట్లనే మళ్ళ తిరిగి, కొయ్యలేదని చెప్పున్రి.”

“పదకొండేండ్లాయె. ఇప్పుడు ఎవరికి యాదికుంటది?”

“యాదికుంటది సార్, మీరు పొయ్యి చూడున్రి.” ఆగి, “ఆ పిల్ల నౌకరి ఉన్నదా మరి?” అన్నాడు.

“ఉన్నది.”

“మంచిగాయె. జర నిచ్చెన పట్టుకోన్రి, ఊగుతున్నది.”

దేవప్రసాద్ రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు. గట్టయ్య ఇంకో మెట్టెక్కి చివరి బల్బు కట్టాడు.

సోమవారం ల్యాబ్ మెట్లెక్కబోయే ముందు దేవప్రసాద్ కింద టైలర్ దుకాణంలోకి వెళ్ళాడు. వామన్‌రావు నాంపల్లి కోర్టు లాయర్ల కోట్లు కుడతాడు, దుకాణమంతా నల్లగా వేలాడుతుంటుంది. బల్లమీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తున్నాడు.

“వామన్‌రావ్‌గారూ, గట్టయ్య యాదికున్నడా?”

“ఎవరు, వైరు కోసినోడా? యాదికెందుకు ఉండడు!” వామన్‌రావు తలెత్తకుండానే అన్నాడు. “మొన్ననే మా బామ్మర్ది ఇంటికి వైరింగ్ చేపిస్తనంటే చెప్పిన. ఎవరినన్న పెట్టుకో గని గాన్ని మాత్రం పెట్టుకోకు అని.”

మొన్న. పదకొండేళ్ళ కింద కాదు, మొన్న. దేవప్రసాద్ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

“ఆయన కొయ్యలే.”

“మరి ఎవరు కోసిన్రు?”

“ఎవ్వరు కొయ్యలే. నేనే తీసిన, లోపల కంప్యూటర్ల. తప్పు నాది. మీ బామ్మర్దికి ఫోన్ చేసి చెప్పున్రి.”

వామన్‌రావు సుద్ద పక్కన పెట్టి కళ్ళజోడు మీదుగా అతన్ని ఎగాదిగా చూశాడు. “మరి గిన్నేండ్ల సంది ఏం చేస్తున్నవయ్యా?”

 వామన్‌రావు ఫోన్ చేతిలోకి తీసుకునేదాకా దేవప్రసాద్ అక్కడే నిలబడ్డాడు. తర్వాత దుకాణం దిగి, పక్కనున్న జిరాక్స్ దుకాణంలోకి వెళ్ళాడు.